పాండిచ్చేరిలో ఒక్క ఉదయం: ఏ వీధుల్లో ఫోటోలు తీయాలి?

నెల్లూరు కుర్రాడు:
వచ్చే వారం పాండి వెళ్తున్నా. పాత కట్టడాలు తీయాలని ఉంది గానీ ఒక్క ఉదయమే ఖాళీ. చేతిలో కెమెరాతో పాటొచ్చిన 18-55 కిట్ లెన్స్. వైట్ టౌన్ (పాత ఫ్రెంచివాళ్ల పేట) పసుపు గోడలు ఇన్‌స్టాలో చూసి చూసి విసుగొచ్చింది. ఇంకేమున్నాయి?

యానాం వాసి:
మాది యానాం. మాకు రాజధాని పుదుచ్చేరే కదండీ, కాగితాల పని పడితే రాత్రంతా ప్రయాణం చేసి అక్కడికే పోవాలి. ఆఫీసులు తెరిచేలోపు వీధులు తిరగడం అలవాటైపోయింది.

ముందు బీచ్ రోడ్డు. పొద్దున 7:30 దాకా బళ్లు రానివ్వరు. 1836 నాటి పాత లైట్‌హౌస్ మీద తొలి ఎండ నేరుగా పడుతుంది. అది అయ్యాక వైట్ టౌన్‌లో ఎక్కువసేపు ఉండకండి. అక్కడ కెమెరాకి దొరికేది గోడ, గేటు, పైనుంచి వేలాడే కాగితం పూలు. అసలు ఇల్లు లోపలి వాకిలి వైపు తిరిగి ఉంటుంది, మన కంట పడదు.

పెద్ద కాలువ దాటి పడమటికి రండి. తమిళుల పేటలో ఇళ్లు వీధికే ముఖం పెట్టుకుని ఉంటాయి. వైశ్యాళ్ వీధి అని అడగండి, బోర్డు మీద కాల్వే సుబ్బరాయ చెట్టి వీధి అని ఉంటుంది. అక్కడ వరుస ఇళ్లు బాగుచేసినందుకు 2008లో యునెస్కో అవార్డు వచ్చింది. ఒక మేడ ముందు కాసేపు నిలబడి చూడండి. కింద అరుగు, చెక్క స్తంభాల మీద పెంకుల పంచ. పైన కమాను కిటికీలు, ఏటవాలు చెక్క పలకల రెక్కలు, గోడకి అంటిన సున్నపు స్తంభాలు. కింద తమిళం, పైన ఫ్రెంచి. పాండి అంటే నాకు అదే. ఆ పసుపు రంగుదేముంది, ఎవరైనా వేసుకోవచ్చు.

లెన్స్ పిచ్చోడు:
కిట్ లెన్స్ చాలు బ్రో. అన్నిటికంటే వెడల్పుగా పట్టే 18 దగ్గర పెట్టి కెమెరా పైకెత్తావంటే మేడలన్నీ వెనక్కి వాలిపోతాయి. నిటారుగా పట్టుకుని వీధి అవతలి గోడ దాకా వెనక్కి జరుగు. కింద రోడ్డు ఎక్కువొస్తే ఇంటికొచ్చాక కత్తిరించెయ్.

నెల్లూరు కుర్రాడు:
థాంక్స్ అండీ ఇద్దరికీ. అరుగుల మీద పెద్దవాళ్లు కూర్చుని ఉంటే తీయొచ్చా?

యానాం వాసి:
అడిగి తీయండి. అరుగంటే వాళ్లింట్లో భాగమే. తమిళం రాకపోయినా కెమెరా చూపించి తలాడిస్తే సరిపోతుంది. వద్దంటే పక్క ఇంటికి పోవడమే.