అప్‌డేట్: ఆక్సిజన్ వాడని క్రెబ్స్ వలయం ఆక్సిజన్ లేకపోతే ఎందుకు ఆగుతుంది?

నేను అడిగింది ఇది: క్రెబ్స్ వలయంలో (మైటోకాండ్రియాలో ఆహారం నుంచి శక్తి తీసే చర్యల చక్రంలో) ఏ మెట్టులోనూ ఆక్సిజన్ నేరుగా పాల్గొనదు కదా, మరి నీట మునిగిన వేర్లలో అది ఎందుకు మందగిస్తుంది? ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్, ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది.

అసలు కీలకం ఎలక్ట్రాన్లను మోసే అణువైన ఎన్‌ఏడీ దగ్గరుంది: ఎన్‌ఏడీ+ దాని ఖాళీ రూపం, ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు అందుకున్న రూపం. వలయం ఒక్కసారి తిరిగితే 3 ఎన్‌ఏడీహెచ్‌లు, 1 ఎఫ్‌ఏడీహెచ్2 (ఇదీ ఎలక్ట్రాన్లను మోసేదే), 1 ఏటీపీ (కణం వాడుకునే శక్తి అణువు) వస్తాయి. ఈ వలయంలో వచ్చిన ఎన్‌ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియా లోపలి పొరలోని ఎలక్ట్రాన్ రవాణా గొలుసుకు అప్పగిస్తేనే మళ్లీ ఎన్‌ఏడీ+ అవుతుంది. ఆ గొలుసు చివర ఎలక్ట్రాన్లను అందుకునేది ఆక్సిజన్. అది లేకపోతే ఎన్‌ఏడీహెచ్ పేరుకుపోతుంది, వలయాన్ని నడిపే ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్ లాంటి ఎంజైములకు కావలసిన ఎన్‌ఏడీ+ దొరకదు. అప్పుడు వేరు కణాలు పైరువేట్‌ను ఇథనాల్‌గా మార్చి, అలా ఎన్‌ఏడీ+ తిరిగి పొంది, గ్లైకాలిసిస్ (గ్లూకోజ్ పైరువేట్‌గా విడిపోయే తొలి దశ) ఆగకుండా చూసుకుంటాయి.

నాకు ఇంకా బాగా నచ్చింది ఒకరు చెప్పిన మరో సంగతి. మొక్కలో ఈ వలయం శక్తి కోసమే కాదు. వేర్లు పీల్చిన నైట్రేట్ అమ్మోనియంగా మారాక, దాన్ని అమైనో ఆమ్లాల్లో చేర్చడానికి కార్బన్ చట్రం కావాలి. ఆ చట్రమైన ఆల్ఫా కీటోగ్లుటరేట్ ఈ వలయం మధ్యనుంచే వెళ్తుంది. అలా మధ్యలో తీసేసుకుంటూ పోతే వలయం ఖాళీ అయిపోవాలి కదా? అవ్వదు. సైటోసాల్‌లో (మైటోకాండ్రియా బయట, కణంలోని ద్రవంలో) పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము వలయంలోని మరో పదార్థమైన ఆక్సలోఎసిటేట్ తయారుచేస్తుంది. అది అలాగే గానీ, మాలేట్‌గా మారి గానీ మైటోకాండ్రియాలోకి చేరి లోటు పూడుస్తుంది. ఇంత అందమైన ఏర్పాటును రెండు లైన్లలో దాటేసే నోట్సు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక వెలుతురులో ఉన్న ఆకులో ఈ వలయం ఎలా నడుస్తుందో చదవడం మొదలుపెట్టాను.