రాస్ప్‌బెర్రీ పై 4లో జీపీఐఓ పుల్‌అప్ పడటం లేదు, పై 3లో పడేది

అందరికీ నమస్తే. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) పెట్టాను. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకే కరెంటు పోగానే సైరన్ మోగాలి.

కరెంటు ఉన్నంతసేపు రిలే కాంటాక్ట్ 17వ జీపీఐఓని (బయటి పరికరాలు కలిపే పిన్) గ్రౌండ్‌కి కలుపుతుంది. పోతే తెరుచుకుని, పుల్‌అప్ (పిన్‌ని 1 వైపు లాగి ఉంచే చిప్ లోపలి రెసిస్టర్) వల్ల పిన్ విలువ 1 చూపించాలి. సీ ప్రోగ్రామ్‌లో డెవ్ జీపీఐఓమెమ్ ఫైల్ తెరిచి, ఎమ్‌మ్యాప్ చేసి (ప్రోగ్రామ్ మెమరీలోకి తెచ్చుకుని), పిన్ల సెట్టింగులు ఉండే రిజిస్టర్లు నేరుగా రాస్తున్నాను. సుడో (అడ్మిన్ అనుమతి) లేకుండానే నడుస్తుంది.

పై 3లో రెండేళ్లు బాగానే పనిచేసింది. పిడుగుకి అది కాలిపోయింది, పై 4 తెచ్చాను. ఇప్పుడు కాంటాక్ట్ తెరుచుకున్నా పిన్ విలువ 0నే! మొన్న రాత్రి కరెంటు పోయినా సైరన్ మోగలేదు. మా నాన్నకి మెలకువ వచ్చింది కాబట్టి సరిపోయింది.

మ్యాపింగ్ తప్పు కాదనుకుంటా, అదే మ్యాపింగ్‌తో సైరన్ పిన్ ఆన్ ఆఫ్ అవుతోంది. పుల్‌అప్‌కి పాత పద్ధతే: హెక్స్ 94 ఆఫ్‌సెట్‌లో 2 రాసి, 150 సైకిల్స్ ఆగి, హెక్స్ 98లో 17వ బిట్. ఎర్రర్ ఏమీ రాదు. మల్టీమీటర్ పెడితే పిన్ దగ్గర 0 వోల్టులే.

పై 4 చిప్‌లో పుల్ రిజిస్టర్లు మారాయా? మారితే ఏ ఆఫ్‌సెట్, పిన్‌కి ఎన్ని బిట్లు? లేక ఇదంతా వదిలేసి లిబ్‌జీపీఐఓడీ లైబ్రరీకి మారిపోమంటారా? బయట 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఈ రాత్రికి ఎలాగూ పెడుతున్నాను, కానీ కారణం తెలియాలి అన్నా.