ఇంట్లో తేనెటీగలు చేరితే స్ప్రే కొట్టాలా, వద్దా?

తెనాలి డాబా:
మాది తెనాలిలో పాత డాబా ఇల్లు. పడగ్గదిలో విండో ఏసీ తీసేసిన చోట లోపలా బయటా ప్లైవుడ్ కొట్టి మూసేశాం. మధ్యలో అడుగు ఖాళీ ఉంటుంది. బయటి ప్లైవుడ్‌ మూల పుచ్చిపోయి చిన్న కన్నం పడింది. పది రోజులుగా అందులోకి తేనెటీగలు వెళ్లి వస్తున్నాయి. చెవి ఆనిస్తే లోపల ఒకటే హోరు.

నిన్న రాత్రి మామగారి సలహా మీద బొద్దింకల స్ప్రే ఆ కన్నంలోకి పావు డబ్బా కొట్టాను. అవి బయటికి పోకుండా లోపలి ప్లైవుడ్ సందుల్లోంచి గదిలోకి వచ్చిపడ్డాయి. ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగి, కిందపడి గిలగిలా కొట్టుకున్నాయి. నాకు మెడ మీద ఒకటి కుట్టింది. తెల్లారేసరికి కన్నం దగ్గర రాకపోకలు మళ్లీ మామూలే. అమ్మకి ఆయాసం ఉంది, పాపకి నాలుగేళ్లు. మామగారేమో ఇంకో డబ్బా మొత్తం కొట్టేసి సిమెంటు పెట్టమంటున్నారు. మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. ఏం చేయమంటారు?

పాత కాపు:
ఇందులో చర్చేముంది? మనుషులు ముందు, ఈగలు తర్వాత. మా అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు సజ్జా కింద పట్టు పెడితే "పాపం, వాటి మానాన వాటిని ఉండనివ్వండి" అన్నారు కొందరు. ఓ మధ్యాహ్నం ఏం కదిపిందో ఏమో, ఒక్కసారిగా లేచాయి. వాచ్‌మన్ రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పుడు జాలి కబుర్లు చెప్పినవాళ్లెవరూ బిల్లు కట్టలేదు. రాత్రి పూట, ముఖానికి గుడ్డ కట్టుకుని, డబ్బా మొత్తం కొట్టండి. పావు డబ్బా కొడితే వాటికి కోపం రావడమే తప్ప ఇంకేం జరగదు.

తేనెపెట్టె:
పాత కాపు గారూ, మీ సజ్జా కింద పట్టు, ఈయన ఇంట్లో పట్టు ఒకటి కాదు. ఆరుబయట, చాటంత ఒకే పట్టు వేలాడుతుంటే అది పెద్ద తేనెటీగ. కొండల్లో, వాటర్ ట్యాంకుల కింద కనిపించేది అదే. గుంపుగా తరుముతుంది, దాని జోలికి మనం పోనే కూడదు. చీకటి తొర్రలో పక్కపక్కనే అయిదారు పట్లు పెట్టేది పుట్టతేనె ఈగ. నేను పెట్టెల్లో పెంచేది కూడా అదే. పట్టు మీద చెయ్యి వేస్తే కుడుతుంది, నిజమే, కానీ దారిన పోయేవాళ్ల వెంట పడే రకం కాదు. ఈయన చెప్పిన గుర్తులన్నీ దానివే.

ఇక స్ప్రే సంగతి. ఈ డబ్బాల్లో ఎక్కువగా ఉండేవి సైపర్‌మెత్రిన్, ఇమిప్రోత్రిన్ లాంటి పైరిత్రాయిడ్లు. పురుగు నరాలు అదుపు తప్పి కొట్టుకుని చచ్చేలా చేస్తాయి. తేనెటీగకి ఇవి చాలా చెడ్డ విషం, కాదనను. కానీ మందు తగిలిన ఈగే చస్తుంది. వెనక పట్ల మధ్య ఉన్నవాటికి అందదు. పట్టులో మైనంతో మూతపడిన అరల్లో ఉన్న పిల్ల ఈగలకీ అందదు, అవి రోజుల తరబడి పుట్టుకొస్తూనే ఉంటాయి. కన్నం మూసేస్తే బతికున్నవి వెలుతురు వెతుక్కుంటూ మీ పడగ్గదిలోకే వస్తాయి. నిన్న రాత్రి మీరు చూసింది అదే.

సరే, అన్నీ చచ్చాయనే అనుకుందాం. లోపల కిలోల కొద్దీ మైనం, తేనె, కుళ్లే పిల్లపురుగులు. పట్టుని చల్లగా ఉంచే ఈగలు లేకపోతే ఎండకి మైనం మెత్తబడి తేనె గోడ మీదికి కారుతుంది. చీమలు, మైనపు పురుగు, కంపు. అంటే చంపినా చంపకపోయినా ఆ ప్లైవుడ్ విప్పి పట్లు తీయక తప్పదు. విప్పడం ఎలాగూ తప్పనప్పుడు మధ్యలో విషం దేనికండీ?

ఏలూరు సిస్టర్:
నేను నర్సుని. ఈగల సంగతి నాకు తెలియదు గానీ, ఆయాసం ఉన్న పెద్దావిడ పడుకునే గదిలో స్ప్రే అనగానే భయమేసింది. ఈ మందులు ఎండకి, గాలికి త్వరగా విరిగిపోతాయి. మూసిన గదిలో మాత్రం దుమ్ములో, పరుపులో, చాప మీద చాలా రోజులు ఉండిపోతాయి. ఆయాసం ఉన్నవాళ్లకి ఆ వాసనకే దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. పాప నేల మీద ఆడి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. అమ్మగారిని, పాపని ముందు వేరే గదికి మార్చండి. కిటికీలు తెరిచి, నేల సబ్బునీళ్లతో తుడిచి, దుప్పట్లు ఉతకండి. ఇంట్లో పిల్లి గానీ చేపల తొట్టి గానీ ఉంటే ఇంకా జాగ్రత్త, ఈ రకం మందు వాటికి బొత్తిగా పడదు.

ఇంకో మాట. ఏసీ తీసేసిన చోటంటున్నారు, స్విచ్ బోర్డు ఇంకా పక్కనే ఉందా? చాలా డబ్బాల్లో మందుని బయటికి తోసేది మన వంటగ్యాసు లాంటి వాయువే. ఖాళీ గూటిలో అది నిండాక ఒక్క నిప్పురవ్వ చాలు. అగరొత్తి కూడా వద్దు.

తెనాలి డాబా:
స్విచ్ బోర్డు జానెడు దూరంలోనే ఉంది, కరెంటు కూడా వస్తోంది. ఇప్పుడే మెయిన్‌లో దాని ఫ్యూజ్ తీసేశాను. చెమటలు పట్టాయి. అన్నట్టు, మామగారి షెడ్‌లో పాత నువాన్ పురుగుమందు సీసా ఉందట, అదైతే ఒక్క దెబ్బకి పని అవుతుందంటున్నారు.

ఏలూరు సిస్టర్:
వద్దు బాబూ, వద్దు! అది డైక్లోర్వాస్. 2018లో కేంద్రం తెచ్చిన ఉత్తర్వుతో 2020 చివరి నుంచి మన దేశంలో దాని వాడకమే నిషేధం. ఆవిరి పీల్చినా ఒంట్లోకి విషం ఎక్కే మందు అది. ఆ సీసా పాపకి అందని చోట తాళం వేసి పెట్టించండి, మోరీలో మాత్రం పొయ్యకండి.

ఊరికే చూసేవాడు:
మా నాయనమ్మ తేనెపట్టు పెడితే అరిష్టం, శాంతి చేయించాలి అనేది. పక్కింటావిడ లక్ష్మీకళ అనేది. ఇద్దరూ వాదించుకుంటుండగానే మా మామయ్య తేనె పిండేసేవాడు. ఇంతకీ ఆ తేనె తినొచ్చా?

తేనెపెట్టె:
మందు పడిన పట్టులో తేనె చుక్క కూడా ముట్టొద్దు. బయట పెట్టినా ప్రమాదమే. కాపలా లేని తేనెని చుట్టుపక్కల ఈగలు వచ్చి దోచుకుపోతాయి, విషం వాటి గూటికి చేరుతుంది. గుంత తీసి పూడ్చాలి.

పాత కాపు:
నిప్పురవ్వ సంగతి ఒప్పుకుంటున్నా, అది నాకు తట్టలేదు. కానీ మీ అందరికీ ఓ ప్రశ్న. ఇంట్లో ఎవరికైనా తేనెటీగ కుడితే పడదనుకోండి, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం. వాళ్లు కూడా పట్టు తీసే మనిషి తీరుబడిగా వచ్చేదాకా కూర్చోవాలా? మీ జిల్లాలో తేనె పెంచేవాళ్లున్నారు. మా వైపు ఫోన్ చేస్తే వచ్చేవాడు కాగడా పట్టుకొస్తాడు. స్ప్రే కంటే అది మేలా?

తేనెపెట్టె:
కాగడా మేలని నేను అనను. పట్టు కాలిపోతుంది, ఇల్లూ అంటుకోవచ్చు. ఎలర్జీ ఉన్న మనిషి ఉంటే మాత్రం ఆ మనిషిని ఆ రోజే వేరే ఇంటికి పంపాలి. స్ప్రే కొట్టిన తర్వాతి గంటలోనే కదా ఈగలు బాగా రేగి కుట్టేది! ఎవరూ దొరక్క, చంపక తప్పని పరిస్థితి ఉండొచ్చు, నేను కాదనను. అప్పుడు కూడా లైసెన్సు, ముసుగు బట్టలు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే చెయ్యాలి, పట్లు తీస్తామని ముందే ఒప్పుకోవాలి. మందు కొట్టి డబ్బులు తీసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

ఏలూరు సిస్టర్:
కుడితే ముల్లు వెంటనే లాగెయ్యండి. గోటితోనా, కార్డుతోనా అని చూస్తూ కూర్చోవద్దు, ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కుతుంది. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చెయ్యండి. పదులకొద్దీ కుట్టినా అంతే.

తెనాలి డాబా:
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. బాపట్ల వైపు నుంచి పెట్టెలు పెంచే పెద్దాయన సాయంత్రం వచ్చారు. కొబ్బరి పీచు పొగ కొంచెం పట్టి లోపలి ప్లైవుడ్ విప్పారు. ఆరు పట్లు! కన్నం వైపు రెండు పట్లకి మందు తగిలింది, అవి పెరట్లో పూడ్చాం. మిగతా నాలుగూ చట్రాలకి అరటి నారతో కట్టి పెట్టెలో పెట్టారు. రాణీగ దొరకగానే ఆయన ముఖం చూడాలి! మిగిలిన ఈగలు వాటంతటవే పెట్టెలోకి నడిచాయి. చీకటి పడ్డాక పెట్టె మూసి తీసుకెళ్లారు. వెళ్లేముందు ఆ గూటిని బాగా గీకించి, ఇటుక పెట్టి కట్టించమన్నారు. మైనం వాసన ఉంటే వచ్చే ఏడు ఇంకో గుంపు వస్తుందట. మామగారు తెచ్చిన సిమెంటు అలా పనికొచ్చింది.

పాత కాపు:
ఎంత తీసుకున్నారు?

తెనాలి డాబా:
పదిహేను వందలు, ఆటో వేరే.

పాత కాపు:
నాలుగైదు డబ్బాలు వచ్చేవి.