అమ్మకి చిగుళ్ళకి ఫ్లాప్ సర్జరీ అంటున్నారు, చేయించుకున్నవాళ్ళు చెప్పండి

ప్రశ్న (ఖమ్మం నుంచి):
అమ్మకి 58. షుగర్ ఉంది. బ్రష్ చేస్తే రక్తం వస్తుంది, కింద ఎడమవైపు దవడ పళ్ళు కాస్త కదులుతున్నాయి. లోతుగా క్లీనింగ్ చేసి, రెండు నెలలాగి మళ్ళీ కొలిచారు. పాకెట్లు (చిగురుకీ పంటికీ మధ్య పడే సందులు) ఇంకా 6, 7 మిల్లీమీటర్ల లోతున్నాయట, 3 లోపు ఉండాలట. చిగురు కోస్తారనేసరికి అమ్మకి భయం పట్టుకుంది. పక్కింటి పిన్నిగారేమో "ఎందుకొదినా ఈ తిప్పలు, పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకో" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు 1:
తమ్ముడూ, తొందరపడి పీకించకండి. నేనూ షుగర్ మనిషినే, కింది పళ్ళకి చేయించుకున్నాను. కోస్తారంటే ముక్క తీసేస్తారని కాదు. చిగురుని పంటి మీద నుంచి కాస్త విడదీసి, వేరుకి పట్టిన గార, లోపల పాడైన కండ గీకేసి, చిగురుని మళ్ళీ పంటికి ఆనించి కుట్లు వేస్తారు. పాకెట్ అంత లోతుంటే చిగురు తెరవకుండా చేసే క్లీనింగ్ అడుగుదాకా అందదు, డాక్టరుకి కనబడదు కూడా. అందుకే తెరవడం.

మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంది, అంతే. ఆ తర్వాత గీకుతున్న చప్పుడు మాత్రం చెవుల్లో వినబడుతూనే ఉంది, నొప్పి లేదు. కుట్ల మీద గులాబీ రంగు ప్యాక్ అద్దారు, మైనం ముద్దలా గట్టిపడింది. మత్తు దిగాక సలుపు, చెంప వాపు. చల్లారిన పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ రెండోవైపు నమిలాను. కారం జోలికెళ్ళలేదు. మామూలుగా వారం, పది రోజులకి కుట్లు తీస్తారు.

అమ్మకి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. వాపు తగ్గాక చిగురు కిందికి దిగుతుంది. పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి, సందులు పడతాయి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. ఆపరేషన్ పాడైందని బెంగపడతారు. కాదు, వాపు పోయిన చిగురు అలాగే ఉంటుంది. జివ్వుమనడం మెల్లగా తగ్గుతుంది. ఆ సందుల్లో చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ రోజూ తిప్పాల్సిందే. అది మానేస్తే పాకెట్లు మళ్ళీ వస్తాయి.

జవాబు 2 (చిగుళ్ళ డాక్టర్ని, విజయవాడ):
పైన చెప్పినవన్నీ నిజమే. ముందు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూపించండి. షుగర్ అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు, ఇన్ఫెక్షన్ భయం. గుండెకి ఆస్పిరిన్ లాంటి బిళ్ళలు వాడుతుంటే మాకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. గ్రాఫ్ట్ (తరిగిన ఎముక చోట ఎముక పొడిలాంటిది నింపడం) అందరికీ అక్కర్లేదు. ఎముక పంటి పక్కన గుంటలా తరిగినచోట పనికొస్తుంది, అంతటా సమంగా తరిగితే పెద్దగా లాభం ఉండదు. నొక్కితే పన్ను కిందికి దిగేంత కదులుతుంటే మాత్రం దాన్ని నిలబెట్టడం కష్టం. అమ్మగారివి ఏ మేరకు కదులుతున్నాయో ఎక్స్‌రే పెట్టి చూపించమనండి. క్రిములు చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కొన్నాళ్ళు పుక్కిలిస్తే పళ్ళకి గోధుమరంగు మరక పడొచ్చు, పాలిష్‌తో పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. హెచ్‌బీఏ1సీ 9.1 ఉంది. ఆగాలా?

జవాబు 2:
ఆగండి. ఇది రేపే చెయ్యాల్సిన ఆపరేషన్ కాదు. ముందు షుగర్ డాక్టర్ని కలిసి మందులు సరిచేయించండి. ఈలోగా క్లీనింగ్, ఇంట్లో బ్రషింగ్ మానొద్దు. షుగర్ దిగాక మళ్ళీ కొలిపించండి, కొన్ని పాకెట్లు తగ్గి ఉండొచ్చు, కోసేచోట్లూ తగ్గొచ్చు. చేయించాక మూడు నెలలకోసారి చెకప్ తప్పదు.