ఆరు వైట్ వైన్లూ చివరిదాకా ఒకే చల్లదనంలో ఉండాలంటే ఎలా?

స్నేహితులం ఎనిమిది మందిమి తక్కువ ధర వైట్ వైన్లను పోల్చి చూస్తున్నాం: సావిన్యో బ్లాంక్, పినో గ్రీజో, షెనిన్ బ్లాంక్, రీస్లింగ్, ఓక్ పీపాల్లో పెట్టని షార్డనే. ఆరోది కావాలనే పెట్టాం, అదే షెనిన్ ఇంకో సీసా. సీసాలకు కాగితం సంచులు తొడిగి, మనిషికి 50 మి.లీ. చొప్పున పోశాం.

చిక్కల్లా ఆ షెనిన్ దగ్గరే. రెండోదిగా తాగినప్పుడు దానికి సగటున 20కి 12 మార్కులు, ఐదోదిగా తాగినప్పుడు 15. రెండు సీసాలూ ఒకే ఏడాదివి, రెండిటికీ తిప్పే మూతే, కాబట్టి కార్క్ చెడిందనుకోవడానికి లేదు.

థర్మామీటర్ పెట్టి చూస్తే రెండో గ్లాసు 8 డిగ్రీలు, ఐదోది 14. మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోయి పులుపే నాలుకకు తగులుతుంది. 14 దగ్గర అదే వైన్‌లో ఆపిల్, తేనె వాసనలు బాగా తెలుస్తున్నాయి.

వరస తిరగేసి చూశాం. కాస్త తీపి ఉన్న రీస్లింగ్‌ను చివరికి జరిపాం. మధ్యమధ్య నీళ్లు, ఉత్త బ్రెడ్డు కూడా పెట్టాం. తేడా తగ్గింది గానీ పోలేదు. సగం ఐసు, సగం నీళ్లు పోసిన బకెట్లో సీసాలు పెడితే 20 నిమిషాలకే 5 డిగ్రీలకు దిగిపోయాయి. బయటికి తీస్తే మళ్లీ వేడెక్కుతున్నాయి.

గంటన్నర పాటు ఆరు సీసాలనూ 10–11 డిగ్రీల దగ్గరే నిలపడానికి, ప్రత్యేకమైన వైన్ ఫ్రిజ్ లేకుండా, మీకు పనిచేసిన పద్ధతి ఏది?