లియోన్‌లో పుట్టిన సావిత్రీ దేవి ఎవరు? ఆమె నిజంగా హిందూ ధర్మాన్ని స్వీకరించిందా?

ప్రశ్న (గౌతమీతీరం)

మా బంధువుల వాట్సాప్ బృందంలోకి ఈ మధ్య ఒక పాత ఫొటో వచ్చింది. అందులో ఒక ఐరోపా స్త్రీ చీర కట్టుకుని, చెవులకు స్వస్తిక ఆకారపు లోలకులు పెట్టుకుని ఉంది. కింద "ఫ్రాన్సులో పుట్టి, హిందూ ధర్మానికి జీవితాన్ని అర్పించిన విదుషి" అన్న అర్థంలో నాలుగు మాటలున్నాయి. వెతికి చూస్తే ఆమెను నాజీ రచయిత్రి అని కొందరు, క్రైస్తవానికి ముందున్న దేవతలను తిరిగి కొలవాలనే నవ్య పేగన్ అని కొందరు, జంతుహక్కుల కోసం రాసిన మనిషి అని మరికొందరు రాశారు. ఈ మూడూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయి? ఆమె భారతదేశానికి ఎందుకు వచ్చింది, ఇక్కడ ఏం చేసింది, ఫ్రాన్సులోని తీవ్ర మితవాద (రైట్ వింగ్) పేగన్ రచయితలతో ఆమెకు పొత్తు ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (పాతపుస్తకాలు)

గౌతమీతీరం గారూ, ఆమె అసలు పేరు మాక్సిమియాని పోర్టాస్. 1905 సెప్టెంబరు 30న లియోన్‌లో పుట్టింది. తండ్రిది గ్రీకు, ఇటాలియన్ మూలాలున్న కుటుంబం, తల్లి ఇంగ్లీషు వనిత. తత్త్వశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి లియోన్‌లోనే డాక్టరేటు పొందింది కానీ, మనసంతా గ్రీసు మీదే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు గ్రీసును లొంగదీసుకున్న తీరుకు ఫ్రాన్సు మీద విముఖత పెంచుకుని, 1928లో గ్రీకు పౌరసత్వం తీసుకుంది. 1929లో పాలస్తీనాకు వెళ్లివచ్చాక యూదు ద్వేషం ఆమెలో సిద్ధాంతంగా గట్టిపడింది. యూదు మతమూ, దాని నుంచి పుట్టిన క్రైస్తవమూ కలిసి ఐరోపా ప్రాచీన దేవతలను మట్టుబెట్టాయన్న అభియోగాన్ని ఆమె చనిపోయేదాకా వదల్లేదు.

1932లో ఆమె భారతదేశానికి రావడానికి కారణం ఈ అభియోగంలోనే ఉంది. మోక్షం కోసమో గురువు కోసమో వచ్చిన విదేశీయుల వరుసలో ఆమెను నిలబెట్టడం సరికాదు. ఐరోపాలో శిథిలాలుగా మిగిలిన బహుదేవతారాధన ఇక్కడ గుళ్లలోనూ ఇళ్లలోనూ ఇంకా సజీవంగా ఉందని, అది ఆర్యుల సొత్తని, దాన్ని చూస్తే క్రైస్తవం రాకముందు ఐరోపా ఎలా ఉండేదో తెలుస్తుందని ఆమె నమ్మింది. శాంతినికేతన్‌లో కొంతకాలం గడిపి, తర్వాత కలకత్తాలో స్థిరపడి, మతమార్పిడులను ఎదిరించే హిందూ మిషన్ తరఫున బెంగాల్, బీహార్, అస్సాం ప్రాంతాల్లో హిందీలోనూ బెంగాలీలోనూ ఉపన్యాసాలిచ్చింది. 1939లో ఆమె రాసిన 'ఎ వార్నింగ్ టు ది హిందూస్' పుస్తకానికి వినాయక దామోదర్ సావర్కర్ అన్నగారైన గణేశ్ దామోదర్ సావర్కర్ ముందుమాట రాశారు. మీకు ఫొటో పంపినవారి సమాచారం బహుశా ఇక్కడితో ఆగిపోయి ఉంటుంది.

1940లో ఆమె అసిత్ కృష్ణ ముఖర్జీని పెళ్లాడింది. ఆయన 'న్యూ మెర్క్యురీ' అనే జర్మనీ అనుకూల పత్రిక నడిపిన బెంగాలీ బ్రాహ్మణుడు. 1945లో నాజీ జర్మనీ కూలిపోయాక, ఆ పాలన చేసిన హత్యాకాండ లోకానికంతటికీ తెలిసిన తర్వాతనే, ఆమె ఐరోపాకు తిరిగి వెళ్లి తన అసలు పని మొదలుపెట్టింది. తెలియక నమ్మిందని సర్దిచెప్పే వీలు లేకపోవడానికి ఈ ఒక్క విషయం చాలు. 1948లో ఆక్రమిత జర్మనీలో రైళ్లలోంచీ వీధుల్లోనూ నాజీ అనుకూల కరపత్రాలు పంచి, 1949 ఫిబ్రవరిలో కొలోన్‌లో పట్టుబడింది. డ్యూసెల్‌డార్ఫ్‌లోని బ్రిటిష్ సైనిక న్యాయస్థానం మూడేళ్ల శిక్ష వేసింది. వెర్ల్ జైలులో, బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో కాపలాదారులుగా చేసిన నేరాలకు శిక్ష పడిన స్త్రీలతో స్నేహం చేసి, ఆ స్నేహాన్ని గర్వంగా రాసుకుంది కూడా. శిక్షాకాలం పూర్తికాకుండానే అదే సంవత్సరం ఆగస్టులో విడుదలైంది.

తర్వాతి కాలమంతా రాకపోకలే. 1962లో ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతంలో జరిగిన అంతర్జాతీయ నాజీ సమావేశంలో పాల్గొంది. ఫ్రాన్సులో బడిపంతులమ్మగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత నార్మండీలో ఫ్రాన్స్వాజ్ డియోర్ ఇంట కొన్నాళ్లు ఉంది (దుస్తుల రూపశిల్పి క్రిస్టియన్ డియోర్ అన్న కూతురైన ఈమె కూడా నాజీ అభిమానే). 1971లో భారతదేశానికి తిరిగి వచ్చి ఢిల్లీలో నివసించింది. అమెరికాలో ఉపన్యాసాలివ్వడానికి బయలుదేరి, దారిలో 1982 అక్టోబరు 22న ఇంగ్లండులో ఒక స్నేహితురాలి ఇంట్లో కన్నుమూసింది.

సమాధానం (సంధ్యావందనం)

పై సమాధానంలో జీవితం వచ్చింది కాబట్టి నేను "స్వీకరించిందా" అన్న ప్రశ్నకే పరిమితమవుతాను. ఆమె ప్రధాన గ్రంథం 1958లో కలకత్తాలో వెలువడిన 'ది లైట్నింగ్ అండ్ ది సన్'. అందులో ఆమె మన యుగాల లెక్కను తీసుకుని, చరిత్ర పురుషులను మూడు రకాలుగా విడదీసింది. చెంఘిజ్ ఖాన్ కాలప్రవాహంలో కొట్టుకుపోతూ ధ్వంసం చేసే మెరుపు, ఈజిప్టు చక్రవర్తి అఖెనాటెన్ కాలానికి అతీతుడైన సూర్యుడు, ఈ రెండు శక్తులూ కలిసి కాలానికి ఎదురు నిలిచినవాడు హిట్లర్. అంతటితో ఆగక హిట్లర్‌ను అవతార పురుషుడిగా, కల్కికి ముందు వచ్చినవాడిగా నిలబెట్టి, ఆ గ్రంథాన్ని అతనికే అంకితమిచ్చింది.

మన పురాణాల్లో అవతారం ధర్మగ్లాని కలిగినప్పుడు వస్తుంది. ఆమె ధర్మం ఉన్న చోట జాతిని, అధర్మం ఉన్న చోట రక్తసంకరాన్ని పెట్టి, మిగతా చట్రాన్ని యథాతథంగా ఉంచింది. వర్ణవ్యవస్థను కూడా ఆర్యరక్తం చెదరకుండా వేసిన కంచెగానే మెచ్చుకుంది. ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి ఆర్యులు వచ్చారన్న తిలక్ వాదం ఆమెకు అందుకే అంత నచ్చింది. ఆ జాతుల మెట్లవరుసలో ద్రావిడ భాషలు మాట్లాడే మనబోటివాళ్లకు దక్కే మెట్టు ఏదో, ఆమెను కీర్తిస్తూ తెలుగులో రాసేవారు ఒకసారి చూసుకుంటే బాగుంటుంది. భక్తి, జ్ఞానం, కర్మఫలం వంటి వాటి మీద ఆమెకు పెద్దగా ఆసక్తి ఉన్నట్టు ఆ గ్రంథంలో కనిపించదు. నా అభిప్రాయంలో ఆమె హిందూ ధర్మంలోకి రాలేదు. తాను వెంట తెచ్చుకున్న జాతివాదానికి ఇక్కడి దేవతలను సాక్షులుగా పిలిచింది.

సమాధానం (సేన్‌నదివాసి)

ఫ్రాన్సు సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ పేగన్ మితవాదమంటే ముందుగా గుర్తుకొచ్చేది 1968లో ఏర్పడిన గ్రెస్ సంస్థ, దాని ప్రధాన ఆలోచనాపరుడు అలాఁ ద బెన్వా. 1981లో పేగనిజం మీద ఆయన రాసిన పుస్తకం ఏకేశ్వరవాదాన్ని అసహనానికి మూలంగా, బహుదేవతారాధనను వైవిధ్యానికి ప్రతీకగా చూపుతుంది. ఆయన వర్గం క్రమంగా జాతి ఆధిక్యం మాటను పక్కన పెట్టి, ఏ సంస్కృతి అయినా తన గడ్డ మీద విడిగా ఉండాలన్న భాషకు మారింది. ఆ మార్పు ఎంతవరకు నిజమన్న వాదం అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది. సావిత్రీ దేవి అలాంటి ముసుగు ఎప్పుడూ వేసుకోలేదు. క్రైస్తవం మీద కోపం ఇద్దరికీ ఉమ్మడిదే అయినా, ఆమె ఎక్కువగా ఇంగ్లీషులో రాసింది, ఆమె పాఠకులు కూడా ఎక్కువగా ఆ వైపువారే. 1966లో అమెరికన్ నాజీ విలియం పియర్స్ తన పత్రికలో 'ది లైట్నింగ్ అండ్ ది సన్' సంక్షిప్త పాఠాన్ని అచ్చువేయడంతో ఆమె పేరు అక్కడి బృందాల్లోకి వెళ్లింది. భారతదేశంలో దౌత్యవేత్తగా పనిచేసిన చిలీ రచయిత మిగేల్ సెర్రానో కూడా హిట్లర్‌ను అవతారంగా కొలిచే ఈ ధోరణినే కొనసాగించాడు.

ప్రశ్న (గౌతమీతీరం)

అందరికీ ధన్యవాదాలు. జంతువుల మీద ఆమె ప్రేమ ఉత్త నటనేనా?

సమాధానం (పాతపుస్తకాలు)

నటన అనడానికి ఆధారం లేదండీ. ఆమె శాకాహారి. పిల్లులంటే ప్రాణం, వాటి మీద ఒక పుస్తకమే రాసింది. 1959లో వెలువడిన 'ఇంపీచ్‌మెంట్ ఆఫ్ మ్యాన్' గ్రంథంలో మాంసాహారం, వేట, సర్కసులు, ప్రయోగశాలల్లో జంతువులను కోయడం వంటివన్నీ ఖండించింది. మనిషిని సృష్టికి కేంద్రంగా పెట్టిన మతాలన్నిటి మీదా అందులో ఆమె ధ్వజమెత్తింది. అయితే మనిషి ప్రాణానికి ప్రత్యేకమైన విలువ లేదన్న ఆ వాదం జంతువును పైకెత్తడంతో ఆగలేదు. తాను తక్కువ జాతులుగా లెక్కగట్టిన మనుషులను అందమైన జంతువు కంటే కింద పెట్టడానికి కూడా ఆమెకు అదే పనికొచ్చింది. కబేళాకు వెళ్లే పశువు కోసం కన్నీరు పెట్టిన మనిషి బెల్సెన్ కాపలాదారులను వీరవనితలని పొగడటంలో ఆమె మటుకు ఏ వైరుధ్యమూ చూడలేదు.