మాత్ర వేశాక మలపరీక్ష ఎన్నాళ్లకి?

ప్రశ్న: నులిపురుగుల దినం నాడు బడిలో పిల్లలకి ఆల్బెండజోల్ 400 మి.గ్రా. వేశారండి. మందు పనిచేసిందో లేదో చూడాలి. నాలుగో రోజే మలపరీక్ష చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. 14–21 రోజుల మధ్య చేయండి. తొందరపడితే, చావని పురుగులు కూడా కొన్నాళ్లు గుడ్లు పెట్టక మోసం చేస్తాయి. ఆలస్యమైతే కొత్తగా సోకినవి కలుస్తాయి. మందుకి ముందు పరీక్షించిన పిల్లల్నే మళ్లీ చూడాలి.

జవాబు: కాటో-కాట్జ్‌లో (మలాన్ని స్లైడు మీద పరిచి పురుగు గుడ్లు లెక్కపెట్టే పద్ధతి) దెబ్బతినేది గడియారం దగ్గరే. కొంకిపురుగు గుడ్లు గ్లిసరిన్‌లో కనపడకుండా పోతాయి. స్లైడు చేసిన 30–60 నిమిషాల్లో లెక్కపెట్టేయాలి. సాయంత్రం చూస్తే అన్నీ ‘నెగెటివే’! మలాన్ని కొలిచే అచ్చు (టెంప్లేటు) 41.7 మి.గ్రా.దైతే, కనపడిన గుడ్ల లెక్కని 24తో గుణించండి. 15 గుడ్లంటే గ్రాముకి 360.

జవాబు: కొరడాపురుగు మిగిలితే కంగారొద్దు, ఒక్క మాత్రకి అదంతగా లొంగదు. గుడ్ల తగ్గుదల ఏలికపాముకి 95%, కొంకిపురుగుకి 90% దాటకపోతే అప్పుడు మందుని అనుమానించాలి. అదీ మాత్ర నిజంగా నమిలారో, జేబులో వేసుకున్నారో తేల్చుకున్నాకే.